గురువారం బీపీ

పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఆరోగ్యం చూసే నర్సుని నేను. వీధి మొదట్లో నా స్కూటర్ చప్పుడు వినగానే "బీపీ అక్కొచ్చింది!" అని అరుస్తారు.

కండక్టర్ బాబాయిగారి కేసు మాత్రం నాకు కొరుకుడు పడలేదు. ముప్ఫై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన ఒంటరి మనిషి. సోమవారం మా ఆరోగ్య కేంద్రానికి నడిచొస్తే నూట ముప్ఫై రెండు. గురువారం పదింటికి నేనే ఆయనింటికి వెళితే నూట డెబ్భై ఎనిమిది! అదే మిషను, అదే చెయ్యి. ఇది రక్తపోటా, నాతో రక్తపోటీనా?

"ఈ గురువారమూ ఇంతే ఉంటే మందు పెంచేద్దాం," అన్నారు డాక్టరుగారు. పెంచితే సోమవారాల్లో కళ్ళు తిరిగి పడిపోతారేమోనని నా బెంగ. పడితే లేపే దిక్కు లేదు.

"నీ మొహం చూసి పెరుగుతోందేమో," అన్నారు మావారు.

"అదే నిజమైతే మీరు ఈపాటికి పేలిపోయేవారు," అన్నాను.

కారణమేమిటో చూద్దామని ఆ గురువారం తొమ్మిదికే వెళ్ళాను. దగ్గరగా వేసిన తలుపు తోశాను. బాబాయిగారు స్టూలు మీద ఉన్నారు! తలకు తువ్వాలు, ఒక చేతిలో తడిగుడ్డ, రెండో చేతిలో ఫ్యాను రెక్క. కింద బకెట్టు, సగం తడి గచ్చు.

"టైముకి ముందొచ్చిన బస్సుని నా సర్వీసులో చూళ్ళేదు!" అన్నారు గుర్రుగా.

"ముందు దిగండి మహానుభావా, తర్వాత తిడుదురుగాని."

పట్టుకుని దించి కూర్చోబెట్టాను.

"ప్రతి గురువారం ఇదేనా?"

"తెల్లవారుజాము నుంచీ. నువ్వొచ్చేలోపు చొక్కా మార్చేసుకుంటాను."

"నేనొచ్చేది బీపీ చూడ్డానికా, బూజు చూడ్డానికా?"

ఆయన గొంతు తగ్గించారు. "నీ కాగితంలో ఉందిగా, 'ఇంటిపని సొంతంగా చేసుకోగలరా' అని. కాదన్నవాళ్ళని తీసుకెళ్ళి వృద్ధాశ్రమంలో పడేస్తారట. ఎదురింటాయన చెప్పాడు. నేను ఈ ఇల్లు వదిలి రానమ్మాయ్."

ఏడాదిగా ఆ ప్రశ్న అడుగుతున్నది నేనే. అవునంటే టిక్కు పెట్టి చక్కా పోవడమే తప్ప, కాదంటే ఏమవుతుందో ఒక్కరికీ చెప్పిన పాపాన పోలేదు.

"బాబాయిగారూ, కాదన్నవాళ్ళకి వారానికి రెండుసార్లు పనిమనిషిని పంపుతాం. ఇక్కడికే. మిమ్మల్ని ఇక్కడే ఉంచడానికే ఆ ప్రశ్న."

"ఒట్టు?"

"ఒట్టు."

అరగంట కబుర్లయ్యాక చేతికి పట్టీ చుట్టాను. నూట ముప్ఫై ఆరు. అక్కడినుంచే డాక్టరుగారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. "పాత మందే చాలు," అన్నారు.

అప్పుడు కాగితం బాబాయిగారి ముందు పెట్టాను. లక్షల టిక్కెట్లు కొట్టిన చెయ్యి ఒక్క టిక్కు పెట్టడానికి తెగ తటపటాయించింది. చివరికి 'కాదు' పక్కన గట్టిగా గీశారు.

"ఆ వచ్చే మనిషికి స్టూలెక్కడం వచ్చా?"

"నేలమీద నుంచే ఫ్యాను తుడిచే కర్ర ఉందండీ మా దగ్గర."

"ఉందా!" అంటూ ముందుకి వంగారు. "ఎంత పొడుగు? రెక్క పై పక్కకి ఎలా అందుతుందది?"