ఊడిరాని బొట్టు

రంగు గురించి మా ఇంట్లో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇది గొప్ప కాదు, ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా బిలాస్‌పూర్ రైల్వే వేగన్ డిపోలో బొగ్గు వేగన్ల మీద నంబర్లు రాస్తున్నాను. మా ఆయన సర్వీసులో ఉండగానే జబ్బుచేసి పోతే ఆయన బదులు నాకిచ్చిన నౌకరీ. ఖలాసీగా చేరి, బ్రష్ పట్టడం అక్కడే నేర్చుకున్నాను. నా పేరు సౌభాగ్య. ఆయన పోయినప్పటి నుంచీ మావాళ్ళకి ఆ పేరు పలకడానికి నోరు రాదు, స్వాతి అమ్మ అంటారు. డిపోలో మాత్రం అందరికీ నేను సౌభాగ్యనే. అందుకే ఆదివారాలు నాకు పెద్దగా నచ్చవు.

యాభై ఒకటో ఏట డ్రైవింగ్ నేర్చుకుని కారు కొన్నాను. తెల్ల కారు. బొగ్గు రైళ్ళు తిరిగే ఊళ్ళో తెల్ల కారేమిటని కాలనీ అంతా నవ్వింది. నవ్వుకోనిచ్చాను.

కారు ఇంటికి రాకముందే మా మరిది రమణబాబు ఫిలిం గొడవ ఎత్తాడు. కారు రంగు పాడవకుండా పైన అంటించే పొర ఒకటి వచ్చిందట, అద్దంలా ఉంటుందట, అంటించినట్టే తెలియదట. రమణబాబు గార్డుగా ముందే వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లో ప్రతి వస్తువూ కవరు లోపలే బతుకుతుంది. రిమోట్‌కి పాలిథిన్, ఫ్రిజ్‌కి తొడుగు, సోఫాకి కొట్టువాడు వేసిచ్చిన ప్లాస్టిక్ ఇప్పటికీ అలాగే. ఎప్పుడు బదిలీ వస్తుందో, సామాను ఎక్కడ గీసుకుపోతుందో అని మా రైల్వేవాళ్ళకి పుట్టిన అలవాటు అది. రిటైరై ఆరేళ్ళయినా అతనికి పోలేదు. తిఫ్రా రోడ్డు మీద లారీల చక్రాలకింద నుంచి రాళ్ళు ఎగిరొస్తాయని, ఫిలిం లేకపోతే ఏడాదికే బండి ముఖం చూడలేమని భయపెట్టాడు. బ్యాంకులో పనిచేసే నా కూతురు స్వాతి కూడా, లగా లో నా మమ్మీ, వేయించేసుకో, అని వంత పాడింది.

నేను వెంటనే కాదనలేదు. చూడకుండా కాదనడం నాకు చేతకాదు. ఆదివారం తిఫ్రాలో రాజేంద్ర అనే అతని దుకాణానికి వెళ్ళాను. అతను ఒక పాత బానెట్‌కి సగం వరకు ఫిలిం అంటించి ఉంచాడు. తాళంచెవి నా చేతికిచ్చి గీయమన్నాడు. గట్టిగానే గీశాను. వేడినీళ్ళు పోస్తే ఆ గీత నా కళ్ళముందే మూసుకుపోయింది. ఇన్నేళ్ళలో ఏ రంగూ అలా మానడం నేను చూడలేదు. తీసేస్తే ఎలా ఉంటుందో చూపించమన్నాను. అతను ఒక మూల వేడిచేసి మెల్లగా లాగాడు. పొర మొత్తం ఊడి చేతికొచ్చింది, కింద కొత్త రంగు మెరుస్తోంది. "పాంచ్ సాల్ బాద్ భీ ఐసే హీ నిక్‌లేగా, దీదీ," అన్నాడు. అయిదేళ్ళ తర్వాత తీసినా అలాగే వచ్చేస్తుందట, పైన ఏది పడినా దాంతోపాటే పోతుందట. నాకు నచ్చింది. గురువారం బండి తెస్తానని చెప్పి వచ్చాను.

బుధవారం సాయంత్రం కారు మా క్వార్టర్ ముందు నిలబడింది. రమణబాబు, అతని భార్య చిన్నమ్మి, మా అత్త అచ్చియమ్మ నెహ్రూ నగర్ నుంచి వచ్చారు. శుక్రవారం పూజ చేసి, అందరం బండిలో ఓ చుట్టు తిరిగి రావాలనుకున్నాం. కొత్త బండికి మొదటి బొట్టు మొగుడున్న పునిస్త్రీ పెట్టాలని మావాళ్ళ పద్ధతి. చిన్నమ్మి పెడుతుందిలే, అంది అత్త, పప్పులోకి ఉప్పు సంగతి చెప్పినంత తేలిగ్గా.

"బండి నాది. బొట్టు నేనే పెడతాను," అన్నాను.

స్వాతి ఫోన్‌లోకి తల దించుకుంది. బండికి అరిష్టమని అత్త గొణిగింది. ముప్పై ఏళ్ళుగా తనూ మొగుడు లేని మనిషే, ఏ శుభకార్యంలోనూ ముందుకు రాదు, ఎవరినీ రానివ్వదు. అప్పుడు రమణబాబుకి ఒక ఉపాయం తట్టింది. ముఖం వెలిగిపోయింది.

"పరవాలేదే అమ్మా, ఒప్పేసుకో. ఫిలిం ఉంటాది కదా. వొదిన ఎట్టినా దానిమీదే ఎడతాది. అయిదేళ్ళకి ఊడదీసి పారేత్తాం. బండికేటీ అంటదు."

అలాగైతే సరే, అంది అత్త. స్వాతి కూడా హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. రమణబాబు నావైపు చూశాడు, నేను సంతోషిస్తానని. మనిషి చెడ్డవాడు కాదు, నాకు మేలు చేశాననే అనుకున్నాడు. అందుకే నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఈ చేత్తో రాసిన నంబర్లు మోసుకుని ఎన్ని వేగన్లు ఎన్ని రాష్ట్రాలు తిరిగొచ్చాయో లెక్కలేదు. నా చెయ్యి తగిలిందని ఒక్కటీ పట్టాలు తప్పలేదు. ఈ చేతి వంట అత్త తిన్నది. నా కారుకి మాత్రం ఈ చెయ్యి తగలకుండా మధ్యలో పొర కావాలట.

మర్నాడు పొద్దున్నే రాజేంద్రకి ఫోన్ చేసి ఫిలిం వద్దన్నాను. రాళ్ళు తగులుతాయి దీదీ, అన్నాడు పాపం. తగలనీ అన్నాను. రంగు దెబ్బ తింటే మళ్ళీ వేస్తాను, అది నాకు వచ్చిన పనే. డ్యూటీ దిగి సదర్ బజార్‌కి వెళ్ళి రెండు చిన్న డబ్బాల ఎనామిల్ కొన్నాను, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. డిపోలో రంగు చాలానే ఉంది, కానీ నా కారుకి రైల్వే సొమ్ము ఎందుకు. సాయంత్రమే బానెట్ మీద మూడు పసుపు చుక్కలు, రూపాయి బిళ్ళంత, వేసి ఆరనిచ్చాను. ఎరుపు మాత్రం అందరి కళ్ళముందూ వేయాలని ఉంచుకున్నాను.

శుక్రవారం చిన్నమ్మి పట్టుచీర కట్టుకుని పళ్ళెంలో పసుపు కుంకుమ పట్టుకొచ్చింది. నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టారు. నేను బ్రష్ తీసుకుని బయటికొచ్చాను. రమణబాబు అప్పటికే బానెట్ మీద వంగి ఒక చుక్కని గోటితో గీకుతున్నాడు.

"ఇది రంగు కదా వొదినా. పోదు."

"పోదు," అన్నాను. "ఊడదీయడానికీ రాదు."

అతన్ని పక్కకి జరగమని, మూడు పసుపు చుక్కల్లోనూ ఎర్ర బొట్లు దిద్దాను. నా జన్మలో అంత గుండ్రంగా ఏ సున్నా రాయలేదు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ బండిలో నేను కాలు పెట్టను, ఆటో పిలవరా, అంది కొడుకుతో. రమణబాబు జేబులోంచి ఫోన్ తీశాడు. చిన్నమ్మిని కూడా పదమన్నాడు.

చిన్నమ్మి కదల్లేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె మొగుడికి ఎదురు చెప్పడం నేను వినలేదు. పళ్ళెం మెట్టు మీద పెట్టింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, నా పక్క సీటు తలుపు తీసింది. ఎక్కబోతూ ఆగి మొగుడి వైపు తిరిగింది.

"రేపు మీరు నాకంటే ముందెల్లిపోతే, నా సెయ్యి తగలకుండా మన ఇంటికంతా ఫిలిం ఏయించేత్తారేటి?"

రమణబాబు ఫోన్ చెవి దగ్గరే ఉంది. అవతల ఆటో అతను ఎక్కడికి రావాలని అడుగుతున్నాడు.

నేను డబ్బా మూత బిగించి, స్టీరింగ్ ముందు కూర్చున్నాను. స్వాతి పరుగెత్తుకొచ్చి వెనక సీట్లో ఎక్కింది. బండి కదిలింది, నిమ్మకాయలు నాలుగూ నలిగాయి.