కనుబొమలు లేని కగరిమారు

టీవీ వీరుడు కగరిమారుకు ఈసారి రెండో రూపం కావాలన్నారు. మామూలుగా నిప్పురూపంలో ఉండేవాడు, సముద్రం దగ్గర నీటిరూపంలోకి మారాలి. నెరిమాలోని మా వేషాల వర్క్‌షాపులో రెండు మాస్కులు బల్ల మీదికి చేరాయి. ఒకటి మా సీనియర్ కురమోచి సాన్‌ది, ఒకటి నాది. ఇన్నేళ్లూ ఇతరుల మాస్కులకు గరుకు కాగితం రుద్దిన చేతులు నావి. నాదే నెగ్గాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

కురమోచి సాన్ నిప్పురూపంలోని కనుబొమల గట్టును అలాగే ఉంచి, రంగూ చెక్కిళ్లూ మార్చాడు. నాకు ఒళ్లు మండింది. రూపం మారడమంటే చొక్కా మార్చడమా? నేను గట్టే తీసేశాను. నీళ్లలో నానిన గులకరాయిలా నుదుటి నుంచి గడ్డం దాకా ఒకటే నునుపు. పక్కపక్కన పెడితే అందరి కళ్లూ నాదాని మీదే.

“తొందరపడకు చిగుసా,” అన్నాడు ఒనోదెరా సాన్. వేషం లోపల ఉండి ఎగిరేదీ దూకేదీ ఆయనే. “బల్ల మీద అన్నీ బాగానే ఉంటాయి. నా తలకెక్కనీ.”

ముందు కురమోచి సాన్ మాస్కు తొడుక్కుని, అద్దం ముందు మోకరిల్లి, మెల్లగా తల దించాడు. గట్టు నీడ కళ్లలో పడింది. కదలని ఆ ముఖం ఏడ్చింది. తల ఎత్తగానే నీడ తొలగి, ధైర్యం తెచ్చుకున్నట్టు కనిపించింది.

తర్వాత నాది. దించాడు. ఎత్తాడు. అదే చూపు. నీడ పడటానికి గట్టేదీ? మా వీరులకు నీడే ఏడుపు, నీడే నవ్వు. ఇన్ని మాస్కులు రుద్దీ ఆ సంగతి మరిచాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“బాబోయ్, తీసేయండి దీన్ని!” అన్నాడు ఒనోదెరా సాన్. “కాళ్లమీద పడ్డా కనికరించేలా లేడు వీడు.”

కురమోచి సాన్ మాత్రం నవ్వలేదు. నా మాస్కు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

“శత్రువు కగరిమారు మనసు లాగేసుకునే కథ ఒకటుంది కదా. అప్పుడెలా ఉంటాడో ఇంకా ఎవరూ గీయలేదు.”

“అంటే నా వీరుడు దుర్మార్గుడా?”

“కాదే పిచ్చిపిల్లా. తనెవరో మరిచిపోయినవాడు.”

వసంతంలో ఓ పెద్ద దుకాణం మేడ మీద ఆ కథనే ప్రదర్శనగా పెట్టారు. నేల మీద కూర్చున్న పిల్లల కేరింతలు, నా కగరిమారు రాగానే ఆగిపోయాయి. నా పక్కనున్న పాప టోపీ ముఖం మీదికి లాక్కుంది. ఉండబట్టలేక అంచు కింద నుంచి మళ్లీ చూసింది.

“అక్కా, అది కగరిమారేనా?”

‘నేనే చేశానే!’ అని నోటిదాకా వచ్చింది. కానీ వేషం ఒకరు చేశారనీ, లోపల ఒకరున్నారనీ పిల్లల ముందు మేమెవరమూ అనం. మింగేశాను.

“అవును, తనే.”

“మరి మనల్ని గుర్తుపట్టడేం?”

“ఏమో. పిలిచి చూడు.”

పాప లేచి నిలబడి గొంతు చించుకుని పిలిచింది. తను తిరిగి రావాలని నిజంగానే కోరుకుంటూ, నేనూ పిలిచాను.