చేతుల మీద పగ

కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో పట్టుకుని, ఒక్కొక్కదాన్నీ వెనక్కి వంచుతూ ఆమె పళ్ల బిగువున తిడుతోంది.

"లేవండే, దిక్కుమాలినవాళ్లారా! తిన్న తిండంతా ఎక్కడికి పోతోంది మీకు?"

చూపుడువేలు కాస్త కదిలింది. చిటికెనవేలు మొండికేసింది. దాన్ని వంటింటి గట్టు అంచుకు ఆనించి, పైన రెండో అరచెయ్యి వేసి అదిమింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ వేలు తెరుచుకుంది. శత్రువును కాళ్ల దగ్గరికి తెచ్చుకున్నంత తృప్తి కలిగింది ఆమెకు.

"అక్కా, వేణ్ణీళ్లు కాచాను. కాసేపు చేతులు ముంచుకుని కూర్చోరాదూ?" అంది చెల్లెలు గిన్నె దింపుతూ.

"వీటికి వైభోగాలొకటి తక్కువ."

"ఇదే నొప్పి నాకొస్తే నన్నూ ఇలాగే గట్టుకేసి నొక్కుతావా?"

"నీకెందుకొస్తుందే? నోర్మూసుకో" అని, కావాలనే వెళ్లి చన్నీళ్ల కుళాయి కింద చేతులు పెట్టింది.

కీళ్లవాతం ఆమెకు నిండు వయసులోనే వచ్చింది. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. కణుపులు ఉబ్బి, వేళ్లన్నీ ఒకపక్కకు ఒరిగిపోయి, ఎప్పుడూ గాలివాటున ఉన్న మొక్కల్లా కనిపిస్తాయి. "ఇది పోయే జబ్బు కాదమ్మా, చేతులకి కాస్త విశ్రాంతినిస్తూ నెట్టుకు రావాలి" అని డాక్టరు చెప్పినప్పుడు, అది ఆమె చెవికి ఓడిపొమ్మన్నట్టు వినిపించింది. మాత్రలు వేసుకుంది, విశ్రాంతి మాత్రం ఇవ్వలేదు. నొప్పి ఎక్కువైన రోజున పంతానికి ఇంకో బకెట్టు మోసేది. చెల్లెలికి బట్టలు కుట్టే కొట్టుంది. "వచ్చినవాళ్లతో మాట్లాడ్డానికి మనిషి కావాలక్కా, నువ్వొచ్చి కూర్చో" అంటే, "జాలిపడి పోషిస్తావా నన్ను?" అని చాలా రోజులు దానితో మాట మానేసింది.

ఇవాళ మాత్రం ఆమె హుషారుగా ఉంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనలో తను నవ్వుకుంది.

ఆమె పనిచేసేది ఒక పెద్ద హోటలు అడుగున, నేలమాళిగలోని లాండ్రీలో. పైకప్పు పొడవునా ఆవిరి గొట్టాలు, గోడవార చక్రాల తొట్లలో దుప్పట్ల గుట్టలు, నడుమ ఇస్త్రీ బల్లలు. అక్కడ ఆమెను అందరూ "నత్త" అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది ఇన్‌చార్జమ్మ.

ఒకప్పుడు ఇన్‌చార్జమ్మా ఆమే పక్కపక్క బల్లల మీద ఇస్త్రీ చేసేవాళ్లు. ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్లు. జబ్బు సంగతి తెలిసిన రోజున ఆమె ఇంకెవరికీ చెప్పకుండా ఆ ఒక్కదానికే చెప్పుకుని ఏడ్చింది. అది వీపు నిమిరి, "నా కడుపులోనే దాచుకుంటానే" అంది. వారం తిరక్కుండా ఆ మాట మేనేజరు బల్ల మీద ఉంది. "పాపం, దాని చేతులు పనికిరావండీ" అని చెప్పిందట. ఆమెకు రావలసిన ఇన్‌చార్జి పని ఆవిడకు వెళ్లింది. ఆపైన అందరి ముందూ, "ఏమే నత్తా, తెల్లారిందా నీకు?" అని మొదలైంది. నవ్వినవాళ్లలో ఆమె కూడా ఉంది. నవ్వకపోతే నొప్పి ఉందని ఒప్పుకున్నట్టవుతుందని.

ఇవాళ సాయంత్రం ఇన్‌చార్జమ్మ కూతురి పెళ్లివిందు, పైన ఇదే హోటల్లో. బల్లల మీద పరిచే తెల్లగుడ్డలు ఇస్త్రీ చెయ్యమని నిన్న ఆవిడే వచ్చి అడిగింది, గొంతులో బెల్లం కలుపుకుని.

"నీ చెయ్యి పడితే ఆ అందమే వేరే. ఒక్క మచ్చ పడకూడదు సుమా!"

"నాకొదిలెయ్" అంది ఆమె.

ఆ రాత్రి ఎన్నాళ్లకో ఆమెకు ఒళ్లెరగని నిద్రపట్టింది. ప్రతి గుడ్డకూ నట్టనడుమ ఇస్త్రీపెట్టె అంటించి, గోధుమరంగు మచ్చ పడేదాకా ఉంచి, మచ్చ లోపలికి పోయేలా మడత పెట్టాలి. పైన పరిచేదాకా ఎవరికీ తెలియదు. వియ్యాలవారు కుర్చీలు లాక్కునే వేళకు బల్ల తరవాత బల్ల మాడిపోయి కనిపిస్తుంది. అప్పుడు ఆ మొహం చూడాలి. మెట్ల పక్కన నిలబడి, కరువుతీరా చూడాలి.

ఇప్పుడు బల్ల మీద మొదటి గుడ్డ పరిచింది. పెట్టె వేడెక్కింది. గుడ్డ నడుమ ఆనించింది.

"ఆగు" అంది చేతితో.

చెయ్యి ఆగలేదు. ఏళ్ల తరబడి నేర్చిన పని. పెట్టెను ఒకచోట నిలవనివ్వకుండా ముందుకూ వెనక్కూ నడుపుతూనే ఉంది.

"ఆగవే నీ మొహం మండా!" మణికట్టును రెండో చేత్తో బిగించి పట్టింది. కణుపుల్లో నిప్పులు పోసినట్టయింది. పిడి మీద చెమట జారింది. అయినా ఆ వంకరవేళ్లు గుడ్డ మాడకుండా పెట్టెను పక్కకు జరుపుతూనే ఉన్నాయి.

ఆమె వాటివైపు చూసింది. గట్టుకేసి నొక్కేటప్పుడు చూసిన చూపు వేరు. ఇప్పుడు, ఎవరివో అన్నట్టు చూసింది. తల్లి మంచాన పడ్డప్పుడు ఆవిణ్ని అటూ ఇటూ తిప్పింది ఇవే. చెల్లెలికి జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చింది ఇవే. పొద్దున తనచేత చావుదెబ్బలు తిని, ఆ వెంటనే వచ్చి తన జుట్టు నున్నగా దువ్వింది కూడా ఇవే. ఏనాడు కాదన్నాయి?

మేనేజరు దగ్గరికి వెళ్లి చాడీ చెప్పింది ఈ చేతులా?

ఆ ఇన్‌చార్జమ్మ తన చేతికి అందలేదు. పట్టుకుని కొట్టడానికి అందినవి ఇవే.

కోపం పోలేదు. పోకపోగా మొదటిసారి సరైన మనిషి వైపు తిరిగింది. ఇంతకాలం దానికి కట్టిన కప్పం చాలు. దాని మీద పగ తీర్చుకోవడానికైనా సరే, ఈ వేళ్లు ఇంకొక్కసారి కూడా నొప్పిపడనక్కర్లేదు.

ఆమె పెట్టెను నిలబెట్టి స్విచ్చి ఆపేసింది. ఉతకని దుప్పట్ల మూట మీద కూలబడి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఉతికే మిషను నడిపే పెద్దాయన మనిషి మంచివాడు, చెవుడు. లోకానికంతా చెవుడన్నట్టు అరిచి మాట్లాడతాడు.

"నువ్వు కూర్చోవడం నేనిదే చూడ్డం తల్లీ! పైకప్పు గానీ ఊడిపడుతుందా ఏంటి?"

"పడితే పడనీ బాబాయ్. కాస్త టీ తెచ్చిపెడతావా? వేడిగా" అంది ఆమె, గ్లాసు పట్టినట్టు చెయ్యి చూపిస్తూ.

ఆయన తెచ్చిన గ్లాసును ఆమె రెండు చేతుల మధ్యా పొదివి పట్టుకుంది. తాగడానికి తొందరపడలేదు. వేడి మెల్లగా కణుపుల్లోకి దిగుతుంటే, "ఉండండి, ఉండండి, ఇంకెక్కడికీ పోనక్కర్లేదు" అంది, దెబ్బతగిలిన పిల్లల్ని బుజ్జగించినట్టు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఉలిక్కిపడింది.

ఇన్‌చార్జమ్మ కొత్తచీర ఫెళఫెళలాడుతుండగా మెట్లు దిగి వచ్చింది. తెల్లగుడ్డల గుట్ట గుట్టలాగే ఉంది.

"ఏమే నత్తా! ఒక్కటీ కాలేదు, కూర్చున్నావేం?"

"చేతులు నొప్పిగా ఉన్నాయి."

లాండ్రీ మొత్తం తలతిప్పి చూసింది. ఆమె నోట ఆ మాట అందరి ముందూ ఎప్పుడూ రాలేదు.

"ఇవాళే వచ్చిందా నొప్పి?"

"రోజూ ఉంటుంది. ఇవాళ చెప్తున్నాను."

"నాటకాలాడకు! పైన బల్లలన్నీ బోడిగా ఉన్నాయి. పెళ్లివారు వచ్చేవేళయింది. ఇప్పుడు నాకెవరు చేస్తారు?"

"నీ చేతులు పనికొస్తాయిగా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌చార్జమ్మ మొహం ఎర్రబడి, తరవాత పాలిపోయింది. చుట్టూ చూసింది. మిగతావాళ్లు గదుల దుప్పట్ల పనిలో ఒక్కసారిగా తలమునకలైపోయారు. గొంతు తగ్గించింది.

"ఉద్యోగం ఊడుతుంది, చెప్తున్నా."

"ఊడనీ. చెల్లెలి కొట్లో కుర్చీ ఉంది. మెత్తటిది వేయించుకుంటాను."

"నా బిడ్డ పెళ్లే! ఒకప్పుడు ఒక్క డబ్బాలో తిన్నాం కదే..."

"తిన్నాం" అంది ఆమె. "ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది."

ఇన్‌చార్జమ్మ కొంగు బిగించి స్విచ్చి వేసింది. పెట్టె పట్టే పద్ధతి ఎప్పుడో మరిచిపోయింది. మొదటి గుడ్డకే అంచున ముడత పడింది, దాన్ని పోగొట్టబోతే మరో రెండు పడ్డాయి. మధ్యనుంచి అంచుకు నడపాలని చూస్తున్న ఆమెకు తెలుసు. చెప్పబోయి ఊరుకుంది. చెమటకు కొత్తచీర వీపుకు అతుక్కుపోయేదాకా, మూట మీద హాయిగా కూర్చుని, టీ చివరిచుక్క వరకూ తాగుతూ చూసింది.

తరవాత లేచింది. నెమ్మదిగానే. తొందరపడమని మోకాళ్లను తిట్టలేదు. బాబాయికి తలూపి, చేతుల్ని పమిట కింద వెచ్చగా దాచుకుని, పనివాళ్లు ఎక్కకూడని అతిథుల లిఫ్టులో పైకి వెళ్లిపోయింది.

ఇంకా ఇస్త్రీ కాని తెల్లగుడ్డల గుట్ట మీద, అన్నిటికన్నా పైనున్నదాని నట్టనడుమ, ఖాళీ టీగ్లాసు నిలబడి ఉంది. దాని అడుగున గుండ్రంగా గోధుమరంగు తడి మెల్లగా గుడ్డలోకి ఇంకుతోంది.