టకటకలాడే ఫ్యాన్

సెలూన్ నడిపే పెద్దాయన, కుర్చీలో కూర్చున్న మాస్టారి గడ్డానికి నురగ పట్టిస్తుండగా ఆయన కూతురు ఫోన్ పట్టుకుని లోపలికొచ్చింది. పైన పాత ఫ్యాన్ ఎప్పటిలాగే టకటకమంటోంది.

"నాన్నా, నీ పుట్టినతేదీ చెప్పు. నీ ఫోనుకో నంబరొస్తుంది, అదీ చెప్పు."

"ఎంతవుతుందే?"

"పైసా అక్కర్లేదు. ఏడాదికోసారి ఎవరి క్రెడిట్ రిపోర్టు వాళ్లు ఉచితంగా చూసుకోవచ్చు. నీ పేరు మీదున్న అప్పులు, తీరినవి, తీరనివి అన్నీ ఉంటాయి. నువ్వే ఎప్పుడూ చూడలేదు."

చూడాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు మరి. కొన్నేళ్ల కిందట రెండో కుర్చీ కోసం అప్పడిగితే, మీ పేరు మీద బాకీ ఉందని బ్యాంకువాళ్లు తిప్పి పంపారు. ఆయన హామీ సంతకం పెట్టింది ఒక్క చెల్లెలి కుట్టుమిషన్ అప్పుకే. ఇంకేం, ఎగ్గొట్టింది చెల్లెలే! ఆమెను ఒక్క మాట అడగకుండానే మాట్లాడటం మానేశాడు. నోరు మాత్రం ఊరుకోలేదు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు. సెలూన్లో పడ్డ మాట వీధి దాటడానికి ఎంతసేపు? చెల్లెలి దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారని తర్వాత విన్నాడు. తగిన శాస్తే అనుకున్నాడు.

ఇప్పుడామె మంచాన పడింది. అన్నయ్యను ఒక్కసారి చూడాలని ఉందని కబురు మీద కబురు పెట్టింది. "ముందు నా పేరు బాగుచెయ్యమను" అన్నాడాయన. అది వినలేకే కూతురు ఈ పని నెత్తినేసుకుంది.

మాస్టారు వెళ్లాక ఫోన్ తండ్రి ముందు పెట్టింది.

"ముందు పేరు, అడ్రసు సరిగ్గా ఉన్నాయేమో చూడు. తప్పుంటే ఇక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. ఇదిగో, అత్తయ్య మిషన్. ఒక్క వాయిదా కూడా ఆలస్యం లేదు. గడువుకు ముందే తీర్చేసింది. బాకీ ఉన్నది మాత్రం ఇది."

ఫ్యాన్. వాయిదాల అప్పు మీద కొన్నది చప్పుడు చేస్తోందని షాపువాడితో పోట్లాడి, చివరి రెండు వాయిదాలు చచ్చినా కట్టనని ఆయనే భీష్మించుకు కూర్చున్నాడు. తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు. తండ్రీ కూతుళ్లిద్దరూ తలెత్తి పైకి చూశారు.

"ఇప్పుడే వెళ్లు నాన్నా."

"వెళ్తాలేవే. సాయంత్రం, షాపు కట్టేశాక."

చెల్లెలి ఇల్లు కూతవేటు దూరం. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? పొద్దస్తమానం అద్దంలో ఆ మొహమే ఎదురుగా ఉంది. దారిన పోయేవాళ్లను పిలిచి మరీ కూర్చోబెట్టాడు. ఎవరూ లేనప్పుడు కడిగిన దువ్వెనలే మళ్లీ కడిగాడు. వచ్చిన ప్రతివాడూ ఒకప్పుడు ఆ మాట తన నోట విన్నవాడే. చెప్పేద్దామనుకుని, తీరా నోరు తెరిచాక ఎండల గురించి మాట్లాడాడు.

సాయంత్రం కిరాణా కొట్టాయన వచ్చాడు. నురగ పట్టించి, కత్తి ఎత్తి, పెద్దాయన ఆగిపోయాడు.

"మా చెల్లెలి గురించి నీకో మాట చెప్పాను, గుర్తుందా?"

"ఎగ్గొట్టిందనేగా? ఎందుకొచ్చిన గొడవని మా ఇంట్లోవాళ్లు కుట్టించుకోవడం కూడా మానేశారు."

"తను ఎగ్గొట్టలేదయ్యా. ఎగ్గొట్టింది నేను. పాపం, దాని నోటికాడ కూడు తీశాను."

కిరాణా కొట్టాయన నురగ మొహంతో అద్దంలోంచి ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు. అంతలో గుమ్మంలో చెల్లెలి కొడుకు కనిపించాడు. కాళ్లకు చెప్పులు లేవు.

"మావయ్యా, అమ్మ ఇందాకే..." అని ఆగాడు. "మధ్యాహ్నం స్పృహ తప్పేదాకా గుమ్మంవైపే చూసింది."

పెద్దాయన కత్తి మడిచి బల్ల మీద పెట్టాడు. మేనల్లుడి వెనకే వీధిలోకి నడిచాడు. కిరాణా కొట్టాయన మెడ చుట్టూ ఉన్న గుడ్డతోనే మొహం తుడుచుకుని బయటికొచ్చేశాడు.

ఖాళీ కుర్చీ పైన ఫ్యాన్ టకటకమంటూ తిరుగుతూనే ఉంది.