పదహారు దారుల్లో ఎనిమిది

సోమవారం నుంచీ ఆ మిషను పదహారు దారుల్లో ఎనిమిదే చూపిస్తోంది. బయట బల్ల మీద ఉన్నంతసేపూ పదహారూ ఉంటాయి. పరీక్షించే వేడి పెట్టెలోకి తోసి, గాజు తలుపు మూసి, నలభై అయిదు డిగ్రీలకు తీసుకెళ్తే మాత్రం గంట తిరిగేసరికి తెర మీద ఎర్రటి గీత, పక్కన ఎనిమిది అంకె. కంగారుపడి బయటికి లాగి, మూత విప్పి చూస్తే మళ్ళీ పదహారు. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం దిగి నవ్వే పిల్లలా ఉంది ఇది అని సిన్‌లాన్‌కి అనిపించింది. పైకి అనలేదు. ఆ ల్యాబ్‌లో ఆమెను ఎవరూ ఏదీ అనమని అడగలేదు.

సిన్‌లాన్‌కి ఇరవై మూడేళ్ళు. ఎలక్ట్రానిక్స్ చదువు రెండో ఏడు సగంలో ఉండగా కూతురు దోదో కడుపులో పడింది, చదువు అక్కడే ఆగింది. ఇప్పుడు గుయ్‌షాన్ కొండ కింద, సర్వర్లు తయారుచేసే కంపెనీలో మూడు నెలల పరీక్షా కాలం మీద ఉంది. స్క్రూలు బిగించడం, విప్పడం, కార్డుల అంచున ఉండే బంగారు పూత గీతల్ని రబ్బరుతో మెల్లగా రుద్ది మెరిపించడం ఆమె పని. ఆ రబ్బరు దోదోది, కుందేలు ఆకారంలో ఉంటుంది. ఒక చెవి ఇప్పటికే అరిగిపోయింది.

శుక్రవారంతో ఆ మూడు నెలలూ నిండుతాయి. ఉంచాలో పంపాలో ల్యాబ్ పెద్ద తూ అక్క ఆ రోజే చెబుతుంది. కంపెనీ కింది అంతస్తులో పసుపు తలుపుల శిశువిహారం ఉంది, అందులో ఒక్క చోటు ఖాళీగా ఉంది, అది పర్మనెంటు వాళ్ళ పిల్లలకే. దోదోని చూసుకునే పక్కింటి జూ పిన్ని నెలాఖరుకి తైనాన్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ పసుపు తలుపు తెరుచుకోకపోతే సిన్‌లాన్ మళ్ళీ ఇంట్లో కూర్చోవాల్సిందే. రోజుకి పదిసార్లు ఏదో ఒక వంకతో కిందికి దిగి, ఆ తలుపు ఇంకా అక్కడే ఉందో లేదో చూసి వచ్చేది.

ఇక ఆ మిషను సంగతి. సర్వరు అడుగున పరిచిన పెద్ద పలక మీద కార్డులు గుచ్చడానికి చోటు తక్కువ. అందుకని దాని మీద నిలువుగా ఒక రైజరు పలకని గుచ్చి, దానికి అడ్డంగా కార్డులు తగిలిస్తారు. ఇరుకు గదిలో అంతస్తుల మంచం వేసినట్టన్నమాట. ఒక్కో కార్డుకి సమాచారం నడిచే పదహారు దారులుంటాయి, ఆ దారులన్నీ రైజరు అంచు మీదుగానే కిందికి దిగాలి. ఈ కొత్త రైజరుని గీసినవాడు జుంగ్‌యాన్. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, పెళ్ళి కాలేదు. రైజరు గురించి ఎవరైనా ఒక మాట అంటే తన పిల్లని అన్నట్టు ముఖం పెట్టేవాడు.

ఆ అంతస్తులో ప్రతి మిషనుకీ ఒక ఆకుపచ్చ ప్యాకెట్టు ఉంటుంది. కొబ్బరి రుచి మొక్కజొన్న బుడగలు. పేరే ‘బుద్ధిగా ఉండు’ అని. అది దగ్గరుంటే మిషను పేచీ పెట్టదని నమ్మకం. ఆకుపచ్చదే పెట్టాలి, పసుపుదీ ఎర్రదీ మిషను దరిదాపుల్లోకి రాకూడదు, తేదీ దాటకూడదు, విప్పకూడదు. ఇందులో నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. పై చదువులు చదివిన ఇంజినీర్లే అందరికంటే ముందు తేదీ చూస్తారు.

ఈ మిషనుకి ప్యాకెట్టు పెట్టింది సిన్‌లాన్. మామూలుగా నెత్తిన పెడతారు. కానీ వేడి పెట్టెలో ఫ్యాన్ల గాలికి అది రెండుసార్లు ఎగిరిపడింది. “దగ్గరగా పెట్టమ్మాయ్, పడిపోకుండా,” అని తూ అక్క అటు వెళ్తూ ఒక మాట అంది. సిన్‌లాన్ మూత తీసి వెతికింది. రైజరుకి తగిలించిన కింది కార్డుకీ అడుగు పలకకీ మధ్య ఒక ఖాళీ కనబడింది. ప్యాకెట్టు అందులో కొలిచి కుట్టినట్టు కూర్చుంది. ఇంతకంటే దగ్గర ఏముంటుంది? ఆ రోజంతా ఆమెకి తన తెలివి మీద ముచ్చటేసింది.

మంగళ, బుధవారాల్లో జుంగ్‌యాన్ కార్డులు మార్చాడు, తీగలు మార్చాడు, లోపలి ప్రోగ్రాము మార్చాడు. రబ్బరు పని మూడు విడతలు చేయించాడు. కుందేలు రెండో చెవి కూడా పోయింది. మూత విప్పిన ప్రతిసారీ ఆ ప్యాకెట్టుని రెండు చేతులతో ఎత్తి, శుభ్రమైన గుడ్డ మీద పెట్టి, పని కాగానే మళ్ళీ రెండు చేతులతో అదే చోట, అదే ముఖంగా పెట్టేవాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వెతికేవాళ్ళంతా దానికి దండం పెట్టి మరీ వెతికారు.

బుధవారం మధ్యాహ్నం తూ అక్క దాన్ని తిప్పి చూసింది. తేదీ దాటి రెండు రోజులైంది. ల్యాబ్ మొత్తం ఊపిరి బిగబట్టి, తర్వాత హాయిగా వదిలింది. దొరికింది కారణం. సిన్‌లాన్‌ని కింద దుకాణానికి పరుగెత్తించారు. ఉన్నవాటిలో అన్నిటికంటే తాజాదీ, బొద్దుదీ ఏరుకొచ్చింది. అది పెట్టాక ఎర్ర గీత గంటకి కాదు, ఇరవై నిమిషాలకే వచ్చింది. పైగా ఎనిమిది కూడా కాదు, నాలుగు.

“పాతదే నయం,” అన్నాడు జుంగ్‌యాన్ నీరసంగా. “పాపం, వయసైపోయి కూడా ఎనిమిది నిలబెట్టింది.”

శుక్రవారం రెండింటికి కొనేవాళ్ళ తరఫు మనిషి వచ్చి మిషనుని వేడిలో చూస్తాడు.

గురువారం సాయంత్రం సిన్‌లాన్ స్కూటరు మీద జూ పిన్ని ఇంటికి వెళ్ళింది. మధ్యాహ్నం దోదో కోసం కూడా ఒక ఆకుపచ్చ ప్యాకెట్టు కొని స్కూటరు సీటు కింది పెట్టెలో, వాన కోటు మీద పెట్టింది. ఆగస్టు ఎండలో స్కూటరు అయిదు గంటలు నిలబడి ఉంది. తాళం తిప్పగానే సీటు ఎవరో కింద నుంచి తన్నినట్టు టప్పున లేచింది. ప్యాకెట్టు దిండులా ఉబ్బి ఉంది. దోదో దాన్ని డోలులా వాయించింది. తర్వాత లోపలే పెట్టమని పేచీ పెట్టి, సీటు మూయించి, దాని మీదెక్కి కూర్చుంది. సీటు మూతపడనంటోంది. ఆ పిల్ల బరువుకి దిగడం, మళ్ళీ లేవడం. దోదో కిలకిల నవ్వుతూ ఎగిరింది. సిన్‌లాన్ కూడా నవ్వింది, జూ పిన్ని కూడా నవ్వింది.

నవ్వుతూ నవ్వుతూ సిన్‌లాన్ ఆగిపోయింది. సీటు ఒక అంచున అంగుళం పైకి లేచి ఉంది. రెండో అంచు కీలుకి బిగిసి ఉంది.

“ఏమైందే, నెలలు నిండినదానిలా నడుం పట్టుకున్నావు?” అంది జూ పిన్ని.

ఏమీ లేదంది సిన్‌లాన్. నాలుగు రోజులుగా ఏడుగురు ఇంజినీర్లను ఏడిపిస్తున్నది తనేనని పిన్నికి ఎలా చెప్పడం?

ఆ రాత్రి ఆమె వేసిన లెక్క ఇది. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళాలి. ప్యాకెట్టు తీసి నెత్తిన టేపుతో అంటించాలి. మిషను బాగవుతుంది. ఎవరూ ఏమీ అడగరు. పసుపు తలుపు తెరుచుకుంటుంది. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. లెక్క బాగానే ఉంది. మిషను మళ్ళీ ఎప్పుడో, ఎక్కడో, తను లేనప్పుడు మొండికేస్తే వాళ్ళు మళ్ళీ తీగలే మారుస్తారన్నది ఒక్కటే అందులో ఇమడలేదు.

శుక్రవారం ఏడున్నరకి ల్యాబ్‌లోకి అడుగుపెడితే జుంగ్‌యాన్ అప్పటికే అక్కడున్నాడు. మూత విప్పి ఉంది. వాళ్ళమ్మ గుడికి తీసుకెళ్ళి ధూపం పట్టించిన మరో రెండు ప్యాకెట్లు తెచ్చాడు. ఒకటి దూర్చేశాడు, రెండోది పట్టడం లేదు.

“వచ్చావా, బతికించావు. నీ చేతులు చిన్నవి, దీన్ని కూడా కాస్త సర్దు,” అన్నాడు.

సిన్‌లాన్ ఆ ప్యాకెట్టు అందుకుంది. దాన్ని దూర్చి ఊరుకోవడమా, లేక చెప్పడమా? చేయి కదల్లేదు.

“అన్నా, ఇది బుద్ధిగా లేదు,” అంది.

“ఏది?”

“ప్యాకెట్టు.”

జుంగ్‌యాన్ చుట్టూ చూశాడు, ప్యాకెట్టు వినేస్తుందేమోనన్నట్టు. సిన్‌లాన్ స్కూటరు సంగతి చెప్పింది. సీటు సంగతి, దోదో ఎగరడం, ఒక అంచు బిగిసి రెండో అంచు లేవడం, అన్నీ తలా తోకా లేకుండా చెప్పింది. వేడికి ఇది ఉబ్బి కింది కార్డుని పైకి తోస్తోంది, కార్డు రైజరుని ఎత్తుతోంది, రైజరు ఒక కొస వెంట్రుకవాసి లేచి దారులు తెగిపోతున్నాయి అంది. బయటికి తీయగానే చల్లబడి నంగనాచిలా కూర్చుంటోంది అని కూడా అంది. ఆ మాటతో ఆమెకే కొంచెం కోపం వచ్చినట్టుంది, ప్యాకెట్టుని ఒకటి తట్టింది.

అప్పటికి తూ అక్క వచ్చి వెనకాల నిలబడింది. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే చేరారు. అందరూ ఒకేసారి మాట్లాడారు. కంచే చేను మేస్తుందా అన్నారు. ఇరవయ్యేళ్ళుగా పెడుతున్నాం, ఏ మిషనూ ఫిర్యాదు చేయలేదు అన్నారు. తీసి చూద్దామంటే తీసే చేయి మాత్రం ఎవరిదీ ముందుకు రాలేదు. ఇవాళ రెండింటికి మనిషి వస్తుంటే ఇవాళే తీస్తామా?

“లోపల పెట్టింది ఎవరు?” అంది తూ అక్క.

సిన్‌లాన్‌కి పసుపు తలుపు కళ్ళముందు మూసుకుంది. “నేనే అక్కా.”

తూ అక్క ఆమెను చూడలేదు. జుంగ్‌యాన్‌ని చూసింది. “ఆ సందు ఎంత?”

“నలభై ఒక్క మిల్లీమీటర్లు.”

“అయితే కొలవండి. మాటలెందుకు?”

ఖాళీ వేడి పెట్టెలో ఒక్క ప్యాకెట్టుని పడుకోబెట్టారు. పక్కన ఉక్కు స్కేలుని నిలువుగా టేపుతో అంటించారు. గాజు తలుపు ముందు ఏడుగురు ఇంజినీర్లు మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగారు. లోపల ఆకుపచ్చ ప్యాకెట్టు ఒంటరిగా, దర్జాగా పడుకుని ఉంది. ముప్పై డిగ్రీల దగ్గర ముప్పై ఎనిమిది అని ఒకడు చదివాడు. ముప్పై అయిదు దగ్గర ముప్పై తొమ్మిదిన్నర. దాని పొట్ట మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోతుంటే ఎవరో కిసుక్కుమన్నారు. నలభై దగ్గర నలభై ఒకటి దాటింది. ఇక ఎవరూ ఆపుకోలేదు. నలభై నాలుగు అని చదవాల్సినవాడు నవ్వు మధ్యలో అంకె మింగేశాడు, మళ్ళీ చదవమని కేకలు వేశారు. జుంగ్‌యాన్ నేల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ నాలుగు రోజుల్లో తను మార్చిన తీగల్ని ఒక్కొక్కటీ పేరుపెట్టి తలుచుకుంటున్నాడు. సిన్‌లాన్‌కి నవ్వొచ్చింది, భయమేసింది, మళ్ళీ నవ్వే వచ్చింది.

ముందు తూ అక్కే తేరుకుంది. “నవ్వింది చాలు. అటుకులంత తేలికైన ప్యాకెట్టు తోస్తే లేచిపోయే రైజరు, లారీలో గతుకుల రోడ్డు మీద ఏమవుతుందిరా?”

జుంగ్‌యాన్ నవ్వు ఆగిపోయింది. రైజరుకి రెండు స్క్రూలు గీశాడు. రెండో కొసన స్క్రూ దిగాల్సిన బిళ్ళ ఇంకా రాలేదు. నమూనాకి ఒకటి చాల్లే అనుకున్నాడు. స్కూటరు సీటుకి ఒక వైపే కీలు ఉన్నట్టు.

పాత నమూనా ఒకటి విప్పి బిళ్ళ తెచ్చారు. సిన్‌లాన్ బిగించింది. స్క్రూ వంకర పోలేదు. అప్పుడు తూ అక్క చెప్పిన పనికి మళ్ళీ అందరూ నోళ్ళు తెరిచారు. బొద్దు ప్యాకెట్టుని మళ్ళీ లోపలే పెట్టమంది. పెట్టారు. వేడెక్కించారు. ఇరవై నిమిషాలు, గంట, గంటన్నర. లోపల ప్యాకెట్టు ఎంత ఉబ్బాలో అంత ఉబ్బింది, రైజరు మాత్రం కదల్లేదు. పదహారు. ఆ గంటన్నరలో తెచ్చుకున్న అన్నం డబ్బాలు ఎవరూ విప్పలేదు. పాల టీ మాత్రం అందరిదీ అయిపోయింది.

పన్నెండింటికి అన్ని ప్యాకెట్లూ మిషను నెత్తి మీదికి చేరాయి, ఒక అట్టపెట్టె మూతలో, టేపుతో కట్టుదిట్టంగా. రెండింటికి వచ్చిన మనిషి గాజులోంచి వంగి చూశాడు. ముందు తెర చూడలేదు. మూడు ప్యాకెట్ల మీద తేదీలూ చదివాడు, తల ఊపాడు, తర్వాత పదహారు అంకె చూశాడు. సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

రిపోర్టులో కారణం ఏం రాయాలన్నది మరో గంట తగువు. మిషను లోపల ఉన్న ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉండాలి. ఈ వస్తువుకి నంబరేది? చివరికి ‘నంబరు లేని మెత్తటి భాగం వల్ల రెండో స్క్రూ అవసరం తెలిసింది’ అని రాశారు. బొద్దు ప్యాకెట్టుని విప్పి తలో పిడికెడు తిన్నారు. ముద్దాయి రుచి బాగుందన్నారు.

నాలుగింటికి తూ అక్క పిలిచింది. బల్ల మీద సిన్‌లాన్ కాగితం ఉంది. సిన్‌లాన్ కూర్చోలేదు.

“నిన్ను లోపల పెట్టమన్నానా?”

“దగ్గరగా పెట్టమన్నారు అక్కా.”

“ఆ. నేనన్నదీ తప్పే,” అంది తూ అక్క, కలం వెతుక్కుంటూ. “పొద్దున్న గుట్టుగా తీసేసి ఉంటే నాకేం తెలిసేది? ఒక స్క్రూ మీద రెండు వందల మిషన్లు లారీ ఎక్కేవి. ఏడుగురు చదువుకున్నవాళ్ళు దండం పెట్టారు, నువ్వొక్కదానివే చూశావు.” సంతకం పెట్టింది. “ఆ ప్యాకెట్టు మాత్రం తన పని తను చేసిందే. బుద్ధి మిషనుకి కాదు, మనకి చెప్పింది. ఇకనుంచి ఈ అంతస్తులో ఏ ప్యాకెట్టు ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు.”

సిన్‌లాన్ సరేనంది. మెట్లు దిగుతూ ఒకటి వదిలి ఒకటి దూకింది. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగింది, ఎవరూ లేరు, మిగతావి కూడా అలాగే దూకింది.

సోమవారం పసుపు తలుపు తెరుచుకుంది. దోదో వెనక్కి కూడా చూడకుండా లోపలికి పరుగెత్తింది. ఏడ్చింది తల్లి. కళ్ళు తుడుచుకుంటూనే సంచిలోంచి ఆకుపచ్చ ప్యాకెట్టు తీసి, దోదో సామాన్ల అర మీద పెట్టమని ఆయమ్మకి ఇచ్చింది.

“అరలో పెడితే పడిపోదు కదమ్మా,” అంది ఆయమ్మ.

“వద్దండీ,” అంది సిన్‌లాన్ గబగబా. “పైనే పెట్టండి. లోపల వద్దు.”