జార్జి ముఖం ఎవరూ చూడలేదు

లెస్టర్ బావ కుడిచేతిని ప్రెస్సు బల్ల మీద పరిచి, సుత్తితో నాలుగు వేళ్లూ చితక్కొట్టారు. నన్ను నేల మీద పడేసి పక్కటెముకల్లో తన్నినవాడు, వంగి నా మొహంలో మొహం పెట్టాడు.

“నీ పేరేంట్రా?”

“ఓజెల్.”

“ఇంకోసారి ఇలాంటి బొమ్మ కనిపిస్తే నీ కళ్లు పీకుతా, ఓజెల్.”

వాడు షెరీఫ్ ప్రూయిట్. మిసిసిపీలోని కోల్డర్ నుంచి చికాగో దాకా ఒక బొమ్మల పుస్తకం కోసం వచ్చాడు.

పుస్తకం పేరు ‘ఇనుప జాషువా’. అది 1948. అప్పటిదాకా బొమ్మల పుస్తకాల్లో నల్లవాడంటే గుడ్లు తిప్పుతూ దయ్యాలకు జడిసే బఫూనే. బావ గీసిన జాషువా ఎవరికీ జడవడు. నాలాగే రైలు బోగీలో ప్రయాణికులకు పక్కలు వేసి బూట్లు తుడిచే పోర్టరు, తెల్లకోటు విప్పితే ఇనుప కడ్డీలు వంచుతాడు. ఏడో పేజీలో ఒక షెరీఫ్ ఒక ముసలి రైతును వెనకనుంచి కాలుస్తాడు. జాషువా వాడి మెడ పట్టుకుని ఊరందరి ముందూ నిలబెడతాడు. అది కోల్డర్‌లో నిజంగా జరిగిందే, ఆ రైతు బావ తండ్రి. ఆ షెరీఫ్ మొహం అచ్చంగా ప్రూయిట్‌దే, చెంప మీద గాటుతో సహా.

అచ్చు పలకలు విరగ్గొట్టి, పుస్తకాలన్నీ తగలబెట్టారు. అప్పటికే రైల్లో దుప్పట్ల కింద నేను దాచిన మూడు కట్టలు మాత్రం మిగిలాయి. బావ చెయ్యి ఇక గీయదు. ఆ మూడూ కోల్డర్ చేరకపోతే జాషువా పుట్టనట్టే.

మా నల్లవాళ్ల పత్రికలను దక్షిణాది స్టేషన్లలో దించితే పోలీసులు లాక్కుంటారు. అందుకే పోర్టర్లం స్టేషను రాకముందే, రైలు నెమ్మదించే చోట పొలాల్లోకి విసిరేస్తాం. కోల్డర్ వంపు దగ్గర బట్టలుతికే వెర్లీన్ బుట్టతో కాచుకుని ఉంటుంది. మధ్యాహ్నం మూడూ పదికి.

మూడు రోజుల తర్వాత, మెంఫిస్‌లో నా బోగీ ఎక్కింది ప్రూయిట్.

“ఒరేయ్ జార్జీ, పెట్టె అందుకో!”

వాడు నన్ను చూశాడు. గోడను చూసినట్టు చూశాడు. తెల్లవాళ్లకు రైల్లో ప్రతి పోర్టరూ జార్జే. తెల్లకోటు పైన తల ఉంటుందని వాళ్లకు గుర్తుండదు.

“ఓజెల్ అనేవాడు ఈ రైల్లోనే పనిచేస్తాడట. ఏ బోగీ?”

“నాలుగోది అనుకుంటానండీ దొరగారూ. మూడున్నరకు గానీ పనిలోకి రాడు.”

“మూడింటికి లేపు. ఈలోగా కోటు దులుపు. బూట్లలో నా మొహం కనబడాలి.”

కోటు బరువుగా ఉంది. జేబులో రివాల్వరు!

సామాన్ల గదిలో ముసలి థాడియస్ నన్ను చూసి నవ్వాడు. “ఏంట్రా, శవపేటికలోంచి లేచొచ్చావా?”

“ప్రూయిట్ ఎక్కాడు తాతా. ఇది వాడి కోటు.”

థాడియస్ జేబు తడిమాడు. నవ్వు ఆగిపోయింది. “తుపాకీ నీ చేతికే ఇచ్చాడా!”

“బయట పారేద్దామా?”

“తిక్క సన్నాసీ! పోతే ఇప్పుడే తెలుస్తుంది. ఖాళీ అయితే నొక్కినప్పుడే తెలుస్తుంది.”

ఆరు గుళ్లూ ఉమ్మితొట్టిలో పడ్డాయి.

మూడింటికి లేపి కోటూ బూట్లూ ఇచ్చాను. మూడూ పదికి బోగీ చివరి తలుపు తెరిచాను. చేలగట్టు మీద వెర్లీన్. ఒక కట్ట విసిరాను. రెండోది విసిరాను.

“అవేంట్రా జార్జీ?”

వెనక ప్రూయిట్. మూడో కట్ట మీద జాషువా బొమ్మ చూశాడు. రివాల్వరు నా నుదుటికి ఆనించి నొక్కాడు. టిక్. మళ్లీ నొక్కాడు. టిక్.

రివాల్వరు తిరగేసి నా పక్కటెముకల మీద కొట్టాడు. లోపల ఏదో పుటుక్కుమంది. కింద పడుతూ ఎక్కుడు పీట దొరకబుచ్చుకున్నాను. ప్రయాణికుల పాదాల కింద రోజూ పెట్టే ఇనుప పీట. వాడి దవడ మీద వేశాను. పళ్లు రాలాయి. రక్తం కక్కుతూ నా పీక పట్టుకున్నాడు. కళ్లకు చీకట్లు కమ్ముతుంటే మోకాలితో పొట్టలో పొడిచాను. అప్పుడు, మొదటిసారి, నా మొహం చూశాడు.

“నువ్వు... ఆ ప్రెస్సులో...”

“ఓజెల్‌నండీ. పేరు కూడా చెప్పాను కదా.”

మూడో కట్టను తలుపులోంచి తోశాను. వాడు దూకి దాని తాడు పట్టుకున్నాడు. అప్పుడే రైలు వంపు తిరిగింది. కట్టతోపాటు సగం బయటికి వేలాడాడు.

“కట్ట వదిలెయ్! నా చెయ్యి పట్టుకో!” అని అరిచాను.

వాడు నా చేతిని చూశాడు. కట్టనే పట్టుకున్నాడు.

చక్రాల చప్పుడు ఒక్క క్షణం మారింది. అంతే.

తర్వాతి స్టేషన్లో పోలీసులు మా ఆరుగురు పోర్టర్లనూ వరసగా నిలబెట్టారు. నా కోటు మీది రక్తం కనబడకుండా థాడియస్ అప్పటికే కొత్త కోటు తొడిగించాడు. షెరీఫ్‌కు బూట్లు తుడిచినవాణ్ని చూపించమని ప్రయాణికులను అడిగారు.

“జార్జి అనుకుంటా,” అంది ఒకావిడ.

“ఏ జార్జి?”

ఆవిడ ఆరు మొహాలూ చూసింది. ఒక్కటీ పోల్చుకోలేకపోయింది.

రెండో సంచిక ఎప్పటికీ రాలేదు. కానీ కోల్డర్‌లో జాషువా చేతులు మారుతూ, చిరుగుతూ, అతుకులు పడుతూ ఇరవై ఏళ్లు తిరిగాడు. ఏడో పేజీలో ఆ మొహం ఎవరిదో ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. వెర్లీన్ మనవరాలు ఇప్పుడు నల్లవీరుల బొమ్మల పుస్తకాలు గీస్తుంది.

ఆ వారం ఆసుపత్రిలో కట్ల చేతితో పడుకున్న బావ ఒక్కటే అడిగాడు. “మూడు కట్టలూ చేరాయా?”

“చేరాయి బావా,” అన్నాను. “మూడోది షెరీఫ్ స్వయంగా తీసుకెళ్లాడు.”