ఖాళీగా పంపకూడని గిన్నె

పక్కింటి డెర్మట్ పోయాడని ఆయన భార్య మోరీన్ పెరటిగోడ అవతల నుంచి చెప్పిన పొద్దున, ఆయన గిన్నె మా సింకు పక్కన బోర్లించి ఉంది.

తెల్ల గిన్నె, చుట్టూ నీలం గీతలు. ఈ పరాయి దేశమొచ్చి, క్లాండాల్కిన్ అనే ఈ ఊళ్ళో మేం ఈ ఇంట్లోకి అద్దెకు దిగిన కొత్తలో అది మొదటిసారి గోడ దాటి వచ్చింది. మా పాప అబిగేయిల్, మేం అబ్బి అని పిలుస్తాం, అప్పటికి నా కడుపులో ఉంది. కాళ్ళు వాచి, పొయ్యి దగ్గర నిలబడలేక, రోజూ బ్రెడ్డే తింటున్నాను. అది ఎలా కనిపెట్టాడో డెర్మట్, ఒక శనివారం గోడ మీద పొగలు కక్కే స్ట్యూ పెట్టి, "తిను, పిల్లకి మంచిది" అని వెళ్ళిపోయాడు. బీఫ్, బంగాళాదుంపలు, క్యారెట్లు, అన్నీ పెద్ద పెద్ద ముక్కలు. ఆ తర్వాత ఆయన స్ట్యూ వండిన ప్రతి శనివారం మాకో గిన్నె వచ్చేది. అందులో నల్లబీరు పోస్తారట కదా అని మా ఆయన యోనా అడిగితే, "పోస్తారు, తెలివితక్కువ వాళ్ళు. తెలివైనవాడు పక్కన పెట్టుకుని తాగుతాడు" అన్నాడు.

ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మా అమ్మ చెప్పేది. అందుకే గారెలో పులిహోరో పెట్టి పంపేదాన్ని. ఒకసారి ఇంట్లో ఏమీ లేక గుప్పెడు పంచదార వేసి పంపితే, మోరీన్ గోడ దగ్గరకొచ్చి ఇది దేనికని అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. నవ్వింది గానీ మర్చిపోలేదని ఇప్పుడు తెలుస్తోంది.

కిందటి శనివారం వచ్చిన గిన్నె మాత్రం నేనింకా పంపలేదు. అంతలోనే ఆయన వెళ్ళిపోయాడు.

డెర్మట్‌ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి ముందుగదిలో పడుకోబెడతారని, సాయంత్రం అందరూ చూడటానికి వస్తారని చెప్పారు. మా వైపు చావింట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వాళ్ళే వండి తీసుకెళ్తారు. ఇక్కడా అంతేనట. కాకపోతే మా ఊళ్ళో ఎవరి వంట ఎవరింటికి వెళ్ళొచ్చో ముందే తెలుసు. మా పేటలోంచి ఒక్క గిన్నె కూడా ఊళ్ళోకి వెళ్ళింది లేదు. మేం వండుకునే పెద్దకూర అంటే బీఫే, ఆ పేరైతే మాలో మేమే గొంతు తగ్గించి పలికేవాళ్ళం.

తొమ్మిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఇంగ్లీషులో ఓదార్పు మాటలు చెప్పడం నాకు చేతకాదు. వండడం చేతనవుతుంది. డెర్మట్ గిన్నె డెర్మట్ కూరతోనే వెనక్కి వెళ్ళాలనుకున్నాను.

గేటు దగ్గర ఉమక్క కనిపించింది. ఎదురు వరసలో ఉంటారు, ఆవిడా భర్త అనంతరామ్‌గారూ ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్.

"నవీనా, నేను శాండ్‌విచ్‌లు చేస్తున్నా. నువ్వేం శ్రమపడకు, ఒక కేక్ కొనుక్కొచ్చెయ్."

"స్ట్యూ చేద్దామనుకుంటున్నానక్కా."

"మంచిదే. చికెన్‌దేగా?"

"ఆఁ... చూస్తానక్కా."

ఉమక్క ఈ వీధికొచ్చి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఆవిడ ఎప్పుడు తలుపు తట్టి ఏం వండుతున్నావన్నా, మా ఇంట్లో ఉడికేది చికెనే.

మాంసం కొట్టుకు వెళ్ళి షిన్ అడిగాను. అంటే కాలి పిక్క ముక్క. జిగురుగా, నరాలతో ఉంటుంది, నెమ్మదిగా ఉడికితే వెన్నలా కరుగుతుంది. డెర్మట్ అదే కొనేవాడు. మా అమ్మా అంతే.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాను. పాప బడి నుంచి వచ్చి స్టూలెక్కి కూర్చుంది.

"మామ్! వై ఈజ్ ఇట్ యెల్లో? డెర్మట్స్ వాజ్ బ్రౌన్!"

చేతులు చూసుకున్నాను. మోచేతుల దాకా పసుపు. మనసు ఎక్కడో ఉంది, చేతులు మాత్రం పుట్టింట్లో ఉన్నాయి. ఉప్పూ పసుపూ వేసి నాలుగు నీళ్ళు కడిగేశాను! ఇక్కడ మాంసం కడగరు. పొడిగా తుడిచి, కాగే నూనెలో ఎర్రగా వేయించాకే స్ట్యూ. ఈ తడి ముక్కలు నూనెలో పడగానే ఒళ్ళంతా నీరు వదిలేసి, పచ్చగా తేలుతూ కూర్చున్నాయి. కారు యోనా దగ్గర ఉంది. మళ్ళీ కొట్టుకు వెళ్ళి వచ్చే వేళ లేదు. డెర్మట్ పోయిన సంగతి అమ్మకు పొద్దున్నే చెప్పాను, ఇప్పుడు మళ్ళీ ఫోన్ చేశాను.

"ఏందే, ఏడుస్తన్నావా?"

"పసుపేశానమ్మా!"

"పసుపేయకుండా మాంసం ఎవత్తి కడుగుద్దే?"

"వీళ్ళసలు కడగరమ్మా."

"కడగరా! ఇన్నేళ్ళూ ఆయన కడక్కుండా వండిందే తిన్నావా?"

"తిన్నాను."

"బాగానే ఉన్నావుగా. ఇంకేడుపు దేనికి? మూత తీసి మంట పెంచు. నీళ్ళు ఇంకిందాకా ఎదురుచూడు. ఆ తర్వాత దాని కొవ్వులో అదే ఏగుద్ది. మన పెద్దకూర ఎట్టా వండుతానే నేను?"

"కారం వెయ్యొద్దు కదా?"

"వెయ్యమాక. చావింట్లో మన గుంటూరు పౌరుషం చూపిచ్చమాక."

నీళ్ళు ఇంకాయి. గలగల శబ్దం పోయి చిటపట మొదలైంది. ముక్క అంచులు ఎర్రబడ్డాయి, అడుగున గోధుమరంగు పొర పట్టింది. ఉల్లిపాయలు వేసి ఆ పొరంతా గీకాను. చెంచాడు మైదా, క్యారెట్లు, ఎముకల చారు, మిరియాలు, డెర్మట్ తన పెరట్లోంచి నాకిచ్చి నాటించిన థైమ్ అనే వాసన ఆకు రెమ్మ. కుక్కర్ బయటికి తీసి, మళ్ళీ ప్రెస్‌లో పెట్టేశాను. ఇక్కడ అల్మారాను ప్రెస్ అంటారు. విజిల్ పెడితే దుంపలు గుజ్జయిపోతాయి. దుంపలు రెండు విడతలుగా వెయ్యాలని డెర్మట్ చెప్పాడు. ముందు వేసినవి కరిగి చిక్కదనమిస్తాయి, వెనక వేసినవి పంటికి తగులుతాయి.

చివరికి అబ్బికి చెంచాతో రుచి చూపించాను. చాలాసేపు ఆలోచించింది.

"కెన్ ఐ హావ్ అనదర్ స్పూన్? జస్ట్ టు బీ షూర్."

మూడో చెంచాకి కూడా తనకి నమ్మకం కుదరలేదు!

సాయంత్రం యోనా పెద్ద గిన్నెను తువ్వాలు చుట్టి పట్టుకున్నాడు. నీలం గీతల గిన్నె నా చేతిలో. మోరీన్ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. ముందుగదిలో డెర్మట్ కోటు వేసుకుని, ఎవరో చెప్పే జోకు వింటున్నట్టు పడుకుని ఉన్నాడు. దణ్ణం పెట్టి, ప్రార్థన చేసి, వంటింట్లోకి వెళ్ళాం. జనం నిండా ఉన్నారు. మోరీన్ బల్ల దగ్గర కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి టీ తప్ప ఏమీ ముట్టలేదని ఆవిడ కొడుకు చెప్పాడు. ఉమక్క అందరికీ టీ పోస్తోంది.

"వచ్చావా? చికెన్ స్ట్యూయేనా?" అంది తెలుగులో.

మూత మీద నా చెయ్యి ఆగింది. పాప నా చున్నీ పట్టుకుని పైకి చూస్తోంది. రేపు తనని ఎవరైనా అడిగితే తనూ గొంతు తగ్గించాలా?

"కాదక్కా. పెద్దకూర," అన్నాను. అందరికీ వినపడేట్టే అన్నాను.

ఉమక్క చేతిలో టీ కెటిల్ ఆగింది. "మూడేళ్ళుగా చికెనే అన్నావుగా?"

"అన్నాను."

"మీ ఇంటి చికెన్ చికెన్ వాసన రాదని మా ఆయన ఎప్పుడో అన్నాడులే." మొహం కాస్త బిగించుకుంది. ఆ బిగువు తర్వాత కూడా పూర్తిగా సడలలేదు. "నేను తినను నవీనా."

"తెలుసక్కా."

"తినకపోతే గిన్నెలు అందించకూడదని లేదుగా," అని ప్రెస్ తలుపు తీసింది.

నీలం గీతల గిన్నె నింపి మోరీన్ ముందు పెట్టాను. ఆవిడ గీతల మీద బొటనవేలు పెట్టి రాసింది. తర్వాత లోపలికి చూసింది.

"ఇది పచ్చగా ఉందేం, తల్లీ?"

ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కున్నాను. ఆవిడ అప్పటికే చెంచా నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో చెంచా తీసుకుంది. దుంపను చెంచాతో చిదిపి, అడుగున మిగిలిన పులుసును బ్రెడ్డుతో తుడిచి, మొత్తం తినేసింది. "గ్రాండ్," అంది, ఆ ఒక్క మాటే. అప్పుడిక అందరూ గిన్నెలు చాపారు.

కొడుకు రెండోసారి వడ్డించుకుంటూ, "ఎవరు వండారు?" అన్నాడు.

"పక్కింటి నవీన. మీ నాన్న దగ్గర నేర్చుకుంది," అంది మోరీన్.

అంతమందిలో ఇంగ్లీషు మాట్లాడాలంటే నాకు నాలుక పిడచకట్టుకుపోతుంది. అయినా నోరు దానంతట అదే తెరుచుకుంది. "సగం డెర్మట్ దగ్గర. సగం మా అమ్మ దగ్గర. పసుపు మా అమ్మది."

"అమ్మకి చెప్పు, పసుపు ఉంచమని," అంది మోరీన్.

బయల్దేరేటప్పటికి మా పెద్ద గిన్నెలో గరిటెకు తగలడానికి కూడా ఏమీ లేదు. మోరీన్ ఎవర్నీ రానివ్వకుండా నీలం గీతల గిన్నె తనే కడిగి, తుడిచి, నా చేతికివ్వబోయి ఆగింది. పెరట్లోకి వెళ్ళి డెర్మట్ మొక్కలోంచి థైమ్ గుత్తిగా తుంచి, అందులో వేసి ఇచ్చింది.

"ఖాళీగా ఇవ్వకూడదుగా," అంది. "శనివారం గోడ మీద పెట్టు. నేను చూస్తుంటాను."

ఎప్పుడూ పెరటి దారినే వచ్చిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం వీధి వైపు నుంచి, జనం మధ్య నుంచి, ఉమక్క పక్కనే నడిచి ఇంటికొచ్చాను. వెనక యోనా మోస్తున్న ఖాళీ గిన్నె మీద అబ్బి గరిటెతో మోగిస్తూనే ఉంది. నేను ఊరుకోమనలేదు.